కంప్యూటరులో కప్పల కచేరీ

రాత్రి పది దాటితే మా గుండుగొలను నిశ్శబ్దమైపోతుందని బస్తీవాళ్ళు అనుకుంటూ వుంటారు. ఒక్క రాత్రి వుండి చూడమనండి. రహదారి మీద లారీలు, చేపల చెరువుల్లో తెల్లవార్లూ తిరిగే ఏరేటర్లు, భీమడోలు వైపునుంచి రైలు, వానాకాలమైతే కప్పలు, చలికాలమైతే కొల్లేటికి చుట్టపుచూపుగా వచ్చే పక్షులు. ఇవన్నీ కలిసి ఒకటే మోత. కొత్తవారికి అది 'గుంయ్' మని ఒక్క తీరుగా వినిపిస్తుంది. పుట్టి పెరిగిన మాబోటివాళ్ళకు మాత్రం అందులో ఏ రెండు నిమిషాలూ ఒక్కలా వుండవు. లారీ దూరమౌతున్నకొద్దీ మోత మొద్దుబారుతుంది. గాలి తిరిగితే ఏరేటరు పెరట్లోకి వచ్చినట్టుంటుంది. ఒక కప్ప అలిసిపోతే పక్కది అందుకుంటుంది.

ఇలాంటి మోతల్ని కంప్యూటరు ముందు కూర్చుని తయారుచేసే విద్య ఒకటి వుందండీ. ఈ వారం దీన్ని గురించి రాయడానికి కారణం మా పుట్టింట్లో వచ్చిన తగువు. తగువు మాదే అయినా, ఎదిగిన పిల్లలున్న యింటింటా ఏదో ఒక రూపాన వుండేదే గనక మీతో చెప్పుకోవచ్చుననుకుంటున్నాను.

మా తమ్ముడు తాడేపల్లిగూడెంలో వుంటాడు. మా అమ్మ వాడి దగ్గరే. కొడుకు ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. ఆమధ్య మా మరదలు ఫోను చేసింది.

"వదినా, మీ మేనల్లుడు తలుపేసుకుని, చెవులకు ఆ డిప్పలు తగిలించుకుని, గంటలకొద్దీ ఒకటే మోత వింటున్నాడు. పాటా కాదు, పద్యమూ కాదు. ఏమిట్రా అంటే 'సౌండు డిజైను' అంటాడు. వీడికేమైనా అయిందేమోనని నాకు బెంగగా వుంది."

అంతవరకైతే నేను నవ్వి వూరుకునేదాన్నే. కాని సంగతి అక్కడితో ఆగలేదు. కుర్రవాడు డెబ్భైవేల రూపాయల సింథసైజరు ఒకటి కొనిపెట్టమన్నాడట. మా తమ్ముడు కోప్పడలేదు, మరొకటి ఆలోచించాడు. పాత సామాన్లు కొని పెద్ద హోటళ్ళకు అలంకరణకు అమ్మేవాడొకడు, అటకమీద పాతచీరలో చుట్టిపెట్టిన అమ్మ తంబురాను చూసి, మంచి ధరే చెప్పి వెళ్ళాడు. "చెదలకు పెట్టేకన్నా పిల్లవాడి సరదా తీరుతుంది గదా" అని తమ్ముడి వాదన. అమ్మేమన్నదని అడిగాను. ఏమీ అనలేదన్నది మరదలు. ఎనభైనాలుగేళ్ళ మా అమ్మ పప్పులో ఉప్పు తగ్గితేనే మూడు మాటలంటుంది. అలాంటిది ఏమీ అనలేదంటే నాకు మనసొప్పలేదు. మర్నాడే బస్సెక్కాను.

ముందు కుర్రవాడి గదిలోకి వెళ్ళాను. పెద్దవాళ్ళు తిట్టడానికి కాక వినడానికి వస్తే పిల్లలు ఎంత ఓపిగ్గా చెబుతారో! వాడు చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి నా భాషలో చెబుతాను.

సింథసైజరంటే స్వరాన్ని విద్యుత్తుతో పుట్టించే వాద్యం. అందులో ఒక భాగం ముడిస్వరాన్ని పుట్టిస్తుంది. అది కందిరీగ మోతలా గరగరలాడుతూ వుంటుంది. రెండో భాగం జల్లెడ. కన్నాలు చిన్నవి చేస్తే గరుకంతా ఆగిపోయి మెత్తటి ధ్వని మాత్రం దిగుతుంది, పెద్దవి చేస్తే అంతా దిగుతుంది. మూడోది ధ్వని రాకపోకల్ని నిర్ణయిస్తుంది. గుడిగంట ఖణేలుమని పుట్టి మెల్లగా తగ్గిపోతుంది. హార్మోనియం మెట్టు నొక్కినంతసేపూ ఒకే తీరున పలికి, వేలు తీయగానే ఆగిపోతుంది. ఒకే ముడిస్వరానికి గంట నడక నేర్పవచ్చు, హార్మోనియం నడకా నేర్పవచ్చు.

అసలు కిటుకు నాలుగోదానిలో వుంది. మన చెవికి సెకనుకు 20 కంపనలనుంచి 20,000 దాకా వినబడతాయి. ఇరవైకి దిగువనున్నది స్వరంగా వినబడదు. వినబడని ఆ నెమ్మది ఊపునే వీళ్ళు చెయ్యిగా వాడుకుంటారు. ఏడు సెకన్లకొకసారి ఊగే ఉయ్యాల ఒకటి జల్లెడ కన్నాల్ని తెరుస్తూ మూస్తూ వుంటుంది. పదకొండు సెకన్లకు ఊగేది ఇంకొకటి ధ్వనిని కుడిచెవినుంచి ఎడమచెవికి నడిపిస్తుంది. పదమూడు సెకన్లది మూడోది స్వరాన్ని వెంట్రుకవాసి పెంచి తగ్గిస్తుంది. ఈ మూడు ఉయ్యాలలూ ఒక్కసారి బయల్దేరితే మళ్ళీ మూడూ ఒక్కచోట కలిసేది 1,001 సెకన్లకు. అంటే దాదాపు పదిహేడు నిమిషాలకు. అంతవరకూ విన్నది మళ్ళీ వినబడదు. మా మరదలు 'ఒకటే మోత' అన్నది ఇదీ!

ఇంకో పద్ధతి నన్ను మరీ ఆకట్టుకుంది. హంగెరీలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన డెనిస్ గేబర్ అనే శాస్త్రజ్ఞుడు 1947లో, ధ్వనిని అలగానే కాదు, గింజలుగా కూడా చూడవచ్చునన్నాడు. హోలోగ్రఫీకి 1971లో నోబెల్ బహుమతి పొందినది ఈయనే. తర్వాత సంగీతకారులు ఆ ఆలోచనను పట్టుకుని, రికార్డు చేసిన ధ్వనిని సెకనులో వందోవంతు, ఇరవయ్యోవంతు గింజలుగా తరిగి మళ్ళీ వెదజల్లడం మొదలుపెట్టారు. కిందటి శ్రావణంలో మా యింటికొచ్చినప్పుడు మావాడు పెరట్లో కప్పల అరుపు సెల్‌ఫోనులో పట్టుకుపోయాడు లెండి. అర సెకనుండే ఒక్క 'బెక'ను గింజలుగా చేసి, ఒకదానిమీదొకటి పడేట్టు రెండు నిమిషాల పొడుగునా చల్లాడు. వింటే, దూరాన ఏటిగట్టు మీద పదిమంది భజన చేస్తున్నట్టుంది! మా పెరటి కప్ప అని చెప్పకపోతే నేను పోల్చుకోలేకపోయేదాన్ని.

కరెంటు సంగీతం మన పెద్దవాళ్ళకు కొత్తేమీ కాదు. 1954లో వచ్చిన 'నాగిన్' సినిమాలో దేశాన్ని వూపేసిన నాగస్వరం అసలు నాగస్వరమే కాదు. హేమంత్ కుమార్ సంగీతంలో కల్యాణ్‌జీ క్లావియొలిన్ అనే విద్యుత్ వాద్యం మీద వాయించినది. ఆ తర్వాత 1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్ తన సింథసైజరు తయారుచేశాడు. బీరువా అంత యంత్రం, దానినిండా తీగెలు. అలాంటిది మన దేశంలో మొదట ఎక్కడికి వచ్చి వుంటుందంటారు? బొంబాయి స్టూడియోకు కాదు. 1969లో అహమదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైనుకు! డేవిడ్ ట్యూడర్ అనే అమెరికను దగ్గరుండి స్థాపించి నేర్పితే, గీతా సారాభాయితోబాటు మనవాళ్ళు కొందరు మూడేళ్ళపాటు దానిమీద ప్రయోగాలు చేశారు. ఆ టేపులు అలమరలో దశాబ్దాలు పడివుండి, ఎట్టకేలకు 2023లో రికార్డుగా వెలువడ్డాయి. పక్షుల కూతల్నీ, మన రాగాల్నీ ఆ యంత్రంలో వెతికిన ఆ కొద్దిమంది గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క ముక్కయినా వుంటే బాగుండును.

బీరువా క్రమంగా పెట్టె అయింది, పెట్టె కంప్యూటరులోకి దూరింది. 1996లో జర్మనీలోని స్టైన్‌బర్గ్ కంపెనీవారు వీఎస్టీ అనే పద్ధతి తెచ్చారు. 1999నుంచి దానితో పూర్తి వాద్యాల్నే కంప్యూటరులో బిగించుకోవడం సాధ్యమైంది. నెమ్మదిగా మారే, మంచుకమ్మినట్టుండే ధ్వనులకు 2000లో వచ్చిన అబ్‌సింత్ పేరుపడింది. 2008లో ఆమ్నిస్ఫియరు వచ్చింది. దాని కర్త ఎరిక్ పర్సింగ్ అంతకుముందు రోలండ్ కంపెనీ వాద్యాలకు స్వరాలు కూర్చినవాడు. వీటిలో వేలకొద్దీ తయారు స్వరాలుంటాయి. మీట నొక్కితే చాలు, సముద్రం, గుహ, మేఘం! ఇది నాకు అంతగా నచ్చని సంగతి. బజారులో కొన్న ఆవకాయ తప్పని ఎవరూ అనరు. కాని జాడీమీద మన పేరు రాసుకోవడమెందుకు? మావాడు మాత్రం ఒక్కొక్క బొత్తాం తానే తిప్పుకుంటున్నాడు. అందుకే అన్ని గంటలు పడుతున్నాయి.

"ఇది కూడు పెడుతుందా అక్కా?" అని మా తమ్ముడు భోజనాల దగ్గర అడిగాడు. తండ్రి అడగవలసిన ప్రశ్నే. కొద్దిమందికి పెట్టిందిరా అన్నాను. టి.వి.రాజుగారి అబ్బాయి రాజు, సాలూరి రాజేశ్వరరావుగారి అబ్బాయి కోటి కలిసి తెలుగు సినిమాలకు సంగీతం చేస్తున్న రోజుల్లో, వాళ్ళ దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రవాడే తర్వాత ఏ.ఆర్.రెహమాన్ అయ్యాడు. మన మచిలీపట్నంలో పుట్టిన మణిశర్మ కూడా కీబోర్డు వాయిద్యం మీంచి వచ్చినవాడే. 1992లో 'రాత్రి' సినిమాకు ఆయన సంగీతమే. దెయ్యం కనబడకముందే హాల్లో కాళ్ళు పైకి పెట్టుకున్నవాళ్ళలో నేనూ వున్నాను. అక్కడ మనల్ని భయపెట్టింది పాట కాదు, ఇలాంటి మోతే. "మరి మిగతావాళ్ళ మాట?" అన్నాడు తమ్ముడు. మిగతావాళ్ళకు ఉద్యోగం వుండాలి, ఈ విద్య సాయంకాలానికి వుండాలి. అంతకుమించి ధైర్యం చెప్పడం నాకు చేతకాదు.

భోజనాలయ్యాక అటకమీంచి తంబురాను దింపించాను. అమ్మేమాటే అయితే ఒక్కసారి మోగించి అమ్మండని నేనే అన్నాను. పనసకొయ్య గట్టిగానే వుంది. నాలుగు తీగెల్లో రెండు తెగిపోయాయి. పంచమమూ మంద్రమూ మిగిలాయి. అమ్మ కింద కూర్చోలేదు గనక మంచంమీద అడ్డంగా పెట్టుకుంది. బిరడాలు తిప్పి, కొంగుచివర దారప్పోగు లాగి, గుర్రంమీద తీగెకింద దూర్చింది. దీన్నే జీవ అంటారు. మొదట మీటితే 'టంగు' మని కట్టెలా పలికింది. దారాన్ని గోటితో ఇంత జరిపి మళ్ళీ మీటింది. ఇల్లంతా నిండిపోయింది! మీటిన తర్వాత, తీగె దారిన తీగె పోతూ వుంటే, దానిలోంచి ఒక్కొక్క స్వరమే పైకి లేస్తుంది చూడండి, అది.

మావాడు అప్పటికే మైకు పెట్టాడు. కంప్యూటరు తెరమీద అనుస్వరాలు ఒకటొకటే మెట్లెక్కుతున్నట్టు గీతలు లేస్తున్నాయి. వాడు నోరు తెరుచుకుని చూసి, "అత్తా! నేను వారంనుంచి జల్లెడతో కుస్తీపడుతున్నది నాయనమ్మ దారంతో చేసేసింది" అన్నాడు.

ఈ దారం మహిమను శాస్త్రజ్ఞులు కూడా పట్టించుకున్నారు. చిన్నతనం విశాఖపట్నంలో గడిపిన సి.వి.రామన్, నోబెల్ బహుమతికి ఎన్నో ఏళ్ళముందు, 1921లో మన తంబురా, వీణల మీద పరిశోధన ప్రచురించాడు. మామూలుగా తీగెను ఒకచోట మీటితే, సరిగ్గా ఆ చోట కదలిక వుండకూడని అనుస్వరాలు పలకకూడదు. అది పాత సూత్రం. తంబురాలో అవి కూడా ఝుమ్మని పలుకుతాయని ఆయన చూపించాడు. వంపు తిరిగిన గుర్రమూ, దారమూ కలిసి తీగెను క్షణక్షణమూ తాకుతూ వదుల్తూ వుండటమే దానికి కారణం. మరి మన పూర్వులు ఇది ఏ పరిశోధనశాలలో కనిపెట్టారో!

ఆ రాత్రి మావాడు తన కప్పల భజనకు కింద కంప్యూటరు స్వరాలతో ఒక శ్రుతి అల్లి అమ్మకు వినిపించాడు. షడ్జమం, పంచమం, పైన గాంధారం. అమ్మ కళ్ళు మూసుకుని పూర్తిగా విన్నది. "కప్పలు బాగానే వున్నాయిరా. గాంధారమే ఎక్కువగా వుంది. తంబురాలో పలికే గాంధారం ఇది కాదు" అన్నది.

ముసలావిడ చాదస్తమని మావాడు అనుకోలేదు. అదీ వాడిలో నాకు నచ్చిన గుణం. కూర్చుని కొలిచాడు. సంగతేమిటంటే, కంప్యూటరు కీబోర్డులో స్థాయిని పన్నెండు సమభాగాలు చేసి పెడతారు. ఒక్కొక్క భాగాన్ని వంద పాళ్ళనుకుంటే అంతర గాంధారం 400 దగ్గర పడుతుంది. తంబురా మంద్ర తీగెలోంచి తనంతట తాను పుట్టే గాంధారం 386 దగ్గర వుంటుంది. తేడా పద్నాలుగు పాళ్ళు. హడావుడి పాటలో ఇది గాలికి కొట్టుకుపోతుంది. ఐదేసి నిమిషాలు నిలిచే ధ్వనిలో మాత్రం చెవిలో ఇసకలా తగులుతూనే వుంటుంది. వాడి సాఫ్టువేరులో స్వరస్థానాలు మార్చుకునే వీలుందట. గాంధారాన్ని దించి మళ్ళీ వినిపించాడు. "ఊఁ" అన్నది అమ్మ. మా అమ్మ 'ఊఁ' అనడం అంటే మాటలు కాదు.

ఇక డెబ్భైవేల సంగతి. వాడు వాడుతున్న రెండు సాఫ్టువేర్లకూ ఒక్క పైసా ఖర్చు లేదు. సర్జ్ ఎక్స్‌టీ అనేది క్లాస్ యోహాన్సన్ అనే ఆయన రాసి, 2018లో లోకానికి ఉచితంగా వదిలేసినది. తర్వాత ఔత్సాహికులే దాన్ని పెంచారు. రెండోది 2020లో మాట్ టైటెల్ తెచ్చిన వైటల్. దానికి డబ్బు కట్టే తరహాలు కూడా వున్నాయి గాని, ఉచితానిదే ఈ వయసుకు చాలా ఎక్కువ. మరి ఆ పెద్ద సింథసైజరు ఎందుకురా అంటే, "చేత్తో తిప్పే బొత్తాలుంటాయత్తా" అన్నాడు. అబద్ధం కాదు. ఎలుకతో నొక్కడం వేరు, వేళ్ళతో తిప్పడం వేరు. కాని బొత్తాలు మాత్రమే వున్న చిన్న పలక దానిలో పదోవంతు ధరకే దొరుకుతుంది. 1983లో వాద్య కంపెనీలన్నీ కలిసి మిడి అనే ఉమ్మడి భాష ఒకటి ఒప్పుకున్నాయి గనక, ఏ కంపెనీ పలకైనా ఏ సాఫ్టువేరుతోనైనా మాట్లాడుతుంది.

పిల్లలున్న తల్లులకు ఇక్కడ రెండు మాటలు. ఖరీదైన సాఫ్టువేరును స్నేహితుడి దగ్గర దొంగకాపీ తెచ్చుకునే అలవాటు వుంది కుర్రకారులో. దానివెంట కంప్యూటరులోకి ఏమేం పాకి వస్తాయో చెప్పలేం, పైగా రాసినవాడి కష్టార్జితం. ఉచితంగా ఇంత దొరుకుతుంటే దానికి అక్కరేమిటి? డబ్బు పెట్టి కొన్నదైనా శాశ్వతం కాదు సుమండీ. ఇందాక చెప్పిన అబ్‌సింత్‌ను 2022లో కంపెనీవారు ఆపేస్తే, దానిమీదే చేయి తిరిగినవాళ్ళు చిన్నబోయారు. అందుకని నచ్చిన ధ్వనిని ఎప్పటికప్పుడు మామూలు రికార్డుగా కూడా దాచుకొమ్మని మావాడికి చెప్పాను.

రెండోది చెవులు. మరదలి బెంగలో నిజమున్నది ఇక్కడే. ఇలాంటి ధ్వనుల్లో దడదడలుండవు గనక పెద్దగా పెట్టుకున్నట్టు తోచదు. గంటలు గడిచినకొద్దీ తెలియకుండానే ఇంకాస్త పెంచుతారు. 80 డెసిబెల్స్ మోత వారానికి 40 గంటలు దాటరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతోంది. మోత పెరిగితే గంటలు తగ్గాలి. డిప్పలు తగిలించుకున్న పిల్లవాణ్ణి మామూలు గొంతుతో పిలిచి చూడండి. పలికితే ఫరవాలేదు.

తమ్ముడు తన షరతు తాను పెట్టాడు. పరీక్షలయ్యేదాకా రోజుకు ఒక గంట, అదీ సాయంకాలం. మావాడు గంటన్నరకు బేరమాడుతున్నాడు. హోటళ్ళవాడికి లేదని చెప్పేశారు. అయితే తమ్ముడు 'ఇప్పటికి' అనే మాట చేర్చాడని మరదలు చెప్పింది. తెగిన రెండు తీగెలూ ఏలూరునుంచి నేనే తెప్పించి పంపాను. ఇప్పుడు నాలుగు తీగెలూ రికార్డు చేస్తున్నారట. తాడేపల్లిగూడెంలో రైళ్ళ మోత మీకు తెలిసిందే కదా, ఒక బండికీ ఇంకో బండికీ మధ్య ఖాళీ చూసి అమ్మ మీటుతుంటే, మనవడు గోడగడియారం బాటరీ తీసేసి, ఫాను ఆపేసి, చెమటలు కక్కుకుంటూ కూర్చుంటున్నాడట.